స్కాట్లాండ్ వాళ్ళని అడిగారు

మా ఇంట్లో అద్దెకున్న స్కాట్లాండ్ కుర్రాడికి తన దేశం సంగతి తేల్చే ఓటు లేదు. అక్కడి గ్లాస్గోలో నాలుగేళ్ళుగా ఉంటున్న మా గుంటూరు తమ్ముడికి ఉంది. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నవ్వుతారు, తర్వాత ఫోన్ తీసి నిజమో కాదో చూసుకుంటారు. నిజమే. 2014 సెప్టెంబరులో బ్రిటన్ నుంచి విడిపోవాలా వద్దా అని స్కాట్లాండ్‌లో ఓటు పెట్టినప్పుడు, అక్కడ కాపురం ఉన్నవాళ్ళకే ఇచ్చారు. అక్కడ పుట్టి ఇంకోచోట బతుకుతున్నవాళ్ళకి ఇవ్వలేదు. మన పాస్‌పోర్టు ఉన్నా సరే, సరైన వీసా మీద అక్కడ ఉంటున్నవాళ్ళు వేయొచ్చు. ఇంకేముంది, మా తమ్ముడి ఓటు మీద సింగపూర్‌లో మా భోజనాల బల్ల దగ్గర యుద్ధం మొదలైంది.

ఆ కుర్రాడు యూనివర్సిటీలో సముద్రపు నాచు మీద పరిశోధన చేసేవాడు. మేముండే క్లెమెంటిలో ఇలాంటివాళ్ళు బ్లాకుకి పదిమంది ఉంటారు. కొందరు చేపల మీద, కొందరు బ్యాటరీల మీద పనిచేస్తుంటారు. ఎర్రటి మనిషి, ఎండలోకి వెళ్ళొస్తే ఇంకా ఎర్రబడేవాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనం మాతోనే. ఒప్పందంలో అలా లేదు. కానీ పక్కగదిలో మనిషి బ్రెడ్డు నములుతుంటే నేనూ మా ఆయనా పాపా పప్పూ గోంగూరా వేసుకు కూర్చోవటం నా వల్ల కాదు, ముద్ద దిగదు. మొదట్లో మొహమాటపడ్డాడు. రెండు నెలలకి గోంగూర సీసా ఏ అరలో ఉందో నాకంటే తనకే బాగా తెలుసు.

ఇక మా ఇంటి సంగతి చెప్పాలి. నాది గుంటూరు, మా ఆయనది కరీంనగర్. ఇద్దరం హైదరాబాద్‌లో ఒకే ఆఫీసులో చేరి, అక్కడే ఇష్టపడి, అక్కడే పెళ్ళి చేసుకున్నాం. తర్వాత ఇక్కడికొచ్చి స్థిరపడ్డాం. నేను రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకులో, ఆయన ఇంకో కంపెనీలో. ఆ ఏడాది జూన్‌లో తెలంగాణ వచ్చింది. ఆయన స్నేహితులంతా బీచ్ దగ్గర పార్కులో చేరి పండగ చేసుకున్నారు. నన్నూ రమ్మన్నాడు. తలనొప్పి అన్నాను. చొక్కా నిండా రంగుతో ఇంటికొచ్చాడు. ఆ చొక్కాని వాషింగ్ మెషీన్‌లో విడిగా వేశాను. మిగతా బట్టలకి రంగు అంటుతుందనే వేశాను, ఒట్టు. ఆయన మాత్రం మెషీన్ వైపు చూసి, నా వైపు చూసి, స్నానానికి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచి ఆ మాట మా మధ్య రాలేదు. పాప స్కూలు గురించీ, కరెంటు బిల్లు గురించీ, ఏసీ సర్వీసింగ్ గురించీ మాట్లాడుకున్నాం. ఆ ఒక్కటి తప్ప. నాకు కావాల్సింది పెద్దదేం కాదు. విడదీసే ముందు నన్ను ఒక మాట అడిగి ఉండాల్సింది. ఢిల్లీలో సభ తలుపులేశారు, టీవీలో ప్రసారం ఆగిపోయింది, మళ్ళీ వచ్చేసరికి అయిపోయింది. సరే, ప్రభుత్వం అడగలేదు. ఇంట్లో ఉన్న మనిషైనా 'నీకెట్లా ఉంది' అని అడగలేదు. ఆయన అరవై ఏళ్ళ కల నెరవేరిన సంతోషంలో ఉన్నాడు, పిల్లలు ప్రాణాలిచ్చారు దానికోసం, అదంతా నాకు తెలుసు. తెలిసినా సరే, నా బాధ పోలేదు.

అందుకే స్కాట్లాండ్ ఓటు గురించి విన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. "చూడు, వాళ్ళు మర్యాదస్తులు. విడిపోయేముందు జనాన్ని అడుగుతున్నారు" అన్నాను మా ఆయనతో. ఆయన పేపరు చదువుకుంటున్నాడు. వినపడింది, పేజీ తిప్పలేదు. ఆ మాట తగులుతోందని తెలిశాక ఊరుకుంటానా? పప్పులో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా, వారానికి నాలుగుసార్లు అదే మాట వేస్తూ వచ్చాను.

ఆదివారాలు ఆ కుర్రాడు పళ్ళెం ముందు కూర్చుని తన వాదన చెప్పేవాడు. తనకి విడిపోవాలని ఉంది. "మేమంతా ఒక పార్టీకి వేస్తాం, లండన్‌లో ఇంకో పార్టీ ప్రభుత్వం వస్తుంది. ఎన్నోసార్లు ఇలాగే అయింది. అలాంటప్పుడు మా ఓటుకి అర్థమేంటి?" అనేవాడు. అణుబాంబులు మోసే జలాంతర్గాముల్ని తెచ్చి వాళ్ళ సముద్రపు పాయలో పెట్టారట, అక్కడివాళ్ళు వద్దు మొర్రో అంటున్నా. "అంత అవసరమైతే లండన్ నదిలో పెట్టుకోవచ్చుగా" అన్నాడు. చమురు మాది, గాలి మాది, చేపలు మావి, నిర్ణయాలు మాత్రం అక్కడివి అన్నాడు.

నేను బ్యాంకుదాన్ని కదా, ముందు డబ్బు సంగతి పట్టుకున్నాను. "విడిపోతారు సరే, ఏ డబ్బు వాడతారు?" అన్నాను.

"పౌండే."

"అది వాళ్ళది కదా. వేరు కాపురం పెట్టి, వంటకి మాత్రం అత్తగారింటి గ్యాస్ సిలిండర్ వాడుకుంటానన్నట్టుంది."

గ్యాస్ సిలిండర్ గురించి ఇంగ్లీషులో వివరించేసరికి కూర చల్లారింది. అర్థమయ్యాక నవ్వాడు, కానీ వెనక్కి తగ్గలేదు. ఆ సిలిండర్ అందరూ కలిసి కొన్నది, అందులో మా వాటా కూడా ఉంది అన్నాడు. ఇచ్చేది లేదని వాళ్ళు తెగేసి చెప్పారుగా అన్నాను. ఓటుకి ముందు అలాగే అంటారు, తర్వాత ఇస్తారు అన్నాడు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. యూరోపియన్ యూనియన్‌లో మళ్ళీ వరసలో నిలబడాలేమో, పింఛన్లు ఎవరిస్తారు, పెద్ద బ్యాంకులు ఆఫీసులు లండన్‌కి మార్చేస్తామంటున్నాయి, అని నేను ఒక్కొక్కటీ తీశాను. పింఛన్ మాటకి అతను కాస్త తగ్గాడు. వాళ్ళమ్మ బడిలో టీచరుగా చేసి రిటైరైందట. ఆవిడ వద్దు అంటోంది, నాన్న కావాలంటున్నాడు, ఇంట్లో ఇద్దరూ వంతులవారీగా టీవీ కట్టేస్తున్నారు అని చెప్పాడు.

"బ్యాంకులు గిట్లనే బెదిరిస్తయి" అన్నాడు మా ఆయన, అంతసేపూ ఊరుకున్నవాడు. "హైదరాబాద్ నుంచి కంపెనీలన్ని పోతయన్నరు. పోయినయా?"

"హైదరాబాద్ మాట ఇప్పుడెవరెత్తారు?" అన్నాను.

తొమ్మిదేళ్ళ మా అమ్మాయి మా ఇద్దరినీ చూసి, "నాన్నా, రసం పాస్ చెయ్ లా" అంది. ఆ సింగపూర్ 'లా' వినగానే కుర్రాడు నవ్వేశాడు, మేమూ నవ్వాం. ఆ పూటకి గండం గడిచింది.

తర్వాతి ఆదివారం మాత్రం అలా తప్పించుకోలేకపోయాను. ఆ కుర్రాడు మాటల్లో మాటగా వాళ్ళ నాన్న చిన్నప్పటి సంగతి చెప్పాడు. ఇంట్లో మాట్లాడే మాటలు బడిలో మాట్లాడితే పంతులు అరచేతి మీద తోలుపట్టీతో కొట్టేవాడట. ఇప్పుడు కొట్టరుగానీ, తను లండన్‌కి ఫోన్ చేస్తే అవతలివాళ్ళు మూడుసార్లు మళ్ళీ చెప్పించుకుని నవ్వుతారట. మా ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. "మా దగ్గర గూడ అంతే" అని ఇంగ్లీషులో మొదలుపెట్టాడు. సినిమాల్లో తమ మాట ఎవరి నోట పెడతారో చెప్పాడు. రౌడీ నోట, దొంగ నోట, లేదంటే నవ్వించేవాడి నోట. హీరో ఎప్పుడూ కోస్తా జిల్లాల మాట మాట్లాడతాడు. ఆఫీసులో మొదటి రోజు తను నోరు విప్పితే ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారని చెప్పాడు. ఆ ఆఫీసులో నేనూ ఉన్నాను, కానీ ఈ సంగతి పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు. స్కాట్లాండ్‌వాడికి చెప్పాడు.

"నీళ్ళు, కొలువులు అంటే లెక్క చూపియ్యచ్చు. దీనికి లెక్కేంది?" అన్నాడు చివర్న, తెలుగులో, నావైపు చూడకుండా.

అది ఉన్నమాటే. ఆయన పళ్ళెంలో ఇంకో గరిటె కూర వేశాను. ఆ మధ్యాహ్నమంతా మనసు బాగాలేదు. ఆయన బాధ నిజమని ఒప్పుకుంటే నా బాధ అబద్ధమైపోతుందేమోనని భయం వేసింది.

మా అంతస్తులోనే చివరి ఫ్లాట్‌లో ఒక ఆంటీ ఉండేది. మలేషియాలో ఇపో దగ్గర రబ్బరు తోటల్లో పుట్టిన తెలుగావిడ. పెళ్ళై సింగపూర్ వచ్చేనాటికి రెండూ ఒకే దేశం. ఆవిడ తెలుగు మన తాతలనాటిది, మధ్యమధ్య తమిళం, మలయ్. లిఫ్ట్ దగ్గర నన్ను పట్టుకుని, "మకాన్ అయిందామ్మా, తిన్నారా? ఆదివారం మీ ఇంట్లో ఏంటంత గొడవ?" అంది. స్కాట్లాండ్ సంగతి చెప్పి, "చూడండి ఆంటీ, అక్కడ జనాన్ని అడుగుతున్నారు" అని నా పాట మొదలుపెట్టాను.

"మమ్మల్నెవురు అడిగారమ్మా" అంది ఆంటీ. "పొద్దున రేడియో పెట్టా, సింగపూర్ వేరే అయిపోయిందన్నాడు. ఆయన హార్బర్‌కి పనికి పోయాడు. నేను పసార్‌కి పోయి చేపలు తెచ్చి కూర చేశా. మా అన్న అక్కడ, నేనిక్కడ. తర్వాత్తర్వాత పెళ్ళికి పోవాలన్నా కాగితం చూపెట్టమన్నారు."

"బాధ పోయిందా మరి?"

"ఎందుకు పోతుంది? బాధా ఉంది, ఫ్లాటూ ఉంది." కూరగాయల చక్రాల సంచీ లాక్కుంటూ లిఫ్ట్ ఎక్కింది. ఎక్కి, తలుపు మూసుకోకుండా చెయ్యి అడ్డం పెట్టి, "అడిగినా అడక్కపోయినా పొద్దున్నే కూర చెయ్యాలి కదమ్మా" అని నవ్వింది. ఆవిడకి నవ్వొచ్చింది, నాకు రాలేదు.

ఓటింగ్‌కి ముందు ఆదివారం తమ్ముడు వీడియోకాల్ చేశాడు. మాకు సాయంత్రం నాలుగు, వాడికి పొద్దున. మా ఇంట్లో ఒక అలవాటుంది. తమ్ముడు ఏ పని చేయాలన్నా బావని అడగాలి. కారు కొంటే బావ, ఇల్లు మారితే బావ, పిల్ల పేరు పెడితే బావ. పెళ్ళైన కొత్తలో బావ మాటతీరుని అనుకరించి ఏడిపించినవాడే, తర్వాత బావ చెప్పందే అగ్గిపెట్టె కొనడు. ఇప్పుడు కూడా కుశలప్రశ్నలు అయ్యీ కాగానే, "బావా, నువ్వే చెప్పు. ఎక్కడ టిక్కు పెట్టమంటావ్?" అన్నాడు.

"వద్దు అన్నదాని మీద పెట్టు" అన్నాను నేను, బావ నోరు విప్పేలోగా.

"అక్కా, నిన్ను కాదు."

"ఎందుకు కాదురా?"

పక్క కుర్చీలో కూర్చున్న స్కాట్లాండ్ కుర్రాడికి తెలుగు రాదు. కానీ వద్దు, బావ, అక్క అన్న మాటలు అప్పటికే తెలుసు, ఏం జరుగుతోందో అర్థమైపోయింది. తన దేశం గురించి, ఆ దేశంవాళ్ళు కాని ముగ్గురు మనుషులు, తనకు రాని భాషలో నిర్ణయిస్తున్నారు. అతని మొహం చూసి తమ్ముడికి సిగ్గేసింది. ఇంగ్లీషులోకి మారి, "మీ ఊరు, మీ దేశం. మీకు ఓటు లేదు, నాకుంది. ఇది నాకే బాగోలేదు. నా ఓటు మీకిచ్చేస్తున్నా బ్రదర్. మీరు చెప్పిందే వేస్తా" అన్నాడు.

పండగకి వచ్చిన చుట్టానికి పట్టుపంచె పెట్టినట్టు అంత తేలిగ్గా ఇచ్చేశాడు. మావాళ్ళంతే, మొహమాటం వస్తే ఏదైనా ఇచ్చేస్తారు. నాకు ఒళ్ళు మండింది. "మన ఓటు తీసుకెళ్ళి పరాయివాడి చేతిలో పెడతావా?" అన్నాను. మా ఆయన పెద్దగా నవ్వాడు. "పరాయోడెవలు? దేశం ఆయనది. నువ్వు, నేను, నీ తమ్ముడే పరాయోళ్ళం" అన్నాడు.

అప్పుడు తెరలోకి మా మరదలు వచ్చింది. అక్కడే ఆసుపత్రిలో నర్సు. యూనిఫాంలో ఉంది, చంకలో పిల్ల ఉంది.

"వదినా, ఒక్క మాట" అంది. "ఇంతసేపటినుంచీ వింటున్నా. ఈ ఇంట్లో ఓట్లు రెండున్నాయి. రెండోది ఎవరిదో ఎవరైనా అడిగారా?"

నిజం చెప్పాలంటే మాకెవరికీ తట్టనే లేదు. జూన్ నుంచీ 'నన్నెవరూ అడగలేదు' అని గొంతు చించుకుంటున్న నాకు కూడా.

"మీ నలుగురూ కలిసి ఆయన ఓటు ఎలా పంచుకుంటారో పంచుకోండి. నాది నా దగ్గరే ఉంటుంది" అంది నవ్వుతూనే. మన దగ్గర తనెప్పుడూ ఓటు వేయలేదట. ఓటు వయసొచ్చేసరికి నర్సింగ్ హాస్టల్లో ఉంది, పేరేమో సొంతూళ్ళో ఉంది. తర్వాత పెళ్ళి, తర్వాత విమానం. గ్లాస్గోలో మాత్రం ఇద్దరు పెద్దావిడలు వేరే వేరే రోజుల్లో వచ్చి తలుపు కొట్టారట, ఒకావిడ కావాలనే పక్షం, ఒకావిడ వద్దనే పక్షం. "ఇద్దరిలో ఒక్కరు కూడా మీ ఆయన ఉన్నాడా అనలేదు వదినా. నువ్వేమనుకుంటున్నావ్ అన్నారు. నేనేమనుకుంటున్నానో అప్పటిదాకా నాకే తెలీదు. కూర్చోపెట్టి టీ ఇచ్చి, ఆలోచించుకున్నా."

తర్వాత మా కుర్రాడిని ఇంగ్లీషులో నేరుగా అడిగింది. విడిపోతే ఆసుపత్రికి డబ్బు తగ్గుతుందా పెరుగుతుందా? మా వార్డులో సగంమంది బయటి దేశాలవాళ్ళం, మమ్మల్ని ఉండనిస్తారా? మా అమ్మకి వీసా ఇప్పటికంటే సులువవుతుందా? కొత్త దేశం బయటివాళ్ళని ఎక్కువగా రానిస్తుందనే అనుకుంటున్నాను, మిగిలినవి నాకు తెలియదు అన్నాడతను.

"తెలియదన్నారు, అది నచ్చింది. మిగతా అందరికీ అన్నీ తెలుసు" అంది మరదలు. డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయింది.

తమ్ముడు మాట నిలబెట్టుకున్నాడు, కావాలి అనే వేశాడు. మరదలు ఏం వేసిందో ఈరోజుకీ మా ఎవరికీ తెలియదు. తమ్ముడు చాలా రకాలుగా అడిగి చూశాడు. బతిమాలాడు, అలిగాడు, పిల్లచేత అడిగించాడు. "నీది బ్రదర్‌కిచ్చావుగా, నాది కూడా కావాలా?" అంటుందట.

ఫలితం మాకు శుక్రవారం మధ్యాహ్నం తెలిసింది. ఆఫీసు కింద ఫుడ్ కోర్టులో వరసలో నిలబడి ఫోన్‌లో చూశాను. వందకి యాభై అయిదుమంది వద్దన్నారు. కలిసే ఉంటారు. నాకు సంతోషం వేసింది, దాచుకోవటమెందుకు. ఏదో ఒకచోట, ఎక్కడో ఒకచోట, విడిపోకుండా ఆగారు. అన్నం తింటున్నంతసేపూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఇంటికొచ్చేసరికి ఆ కుర్రాడు వంటింట్లో ఒకే కప్పుని కడుగుతూ నిలబడ్డాడు. కడగటం ఎప్పుడో అయిపోయింది, నీళ్ళు పోతున్నాయి. నన్ను చూసి కుళాయి కట్టేసి, "మీరు గెలిచారు" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు, మామూలుగానే అన్నాడు. నా సంతోషం నా మొహం మీదే ఉండిపోయింది, ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. జూన్‌లో నేనూ ఇదే వంటింట్లో, ఇంకొకళ్ళ సంతోషం ముందు ఇలాగే నిలబడ్డాను. అతని కళ్ళలోకి చూడలేక టీ పెట్టాను.

"అమ్మా నాన్నా ఒకే కారులో వెళ్ళి వేశారట" అన్నాడు. "వచ్చేటప్పుడు మాట్లాడుకోలేదట. ఓడిపోయాం. కానీ అడిగారు."

హాల్లో ఉన్న మా ఆయనకి వినపడేలా, "విన్నావా? ఓడినా సరే, అడిగారంటున్నాడు" అన్నాను. మనిషి కళ్ళ నీళ్ళు పెట్టుకుని నిలబడితే, ఆ మాటని కూడా తీసుకెళ్ళి మొగుడి మీదకి విసరాలని చూశాను, అంత కోపం ఉంది నాలో.

శనివారం అతను క్రాంజీ వెళతానన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో చనిపోయినవాళ్ళ సమాధులున్నాయి అక్కడ. వాళ్ళ తాతకి అన్న ఒకాయన స్కాట్లాండ్ నుంచి వచ్చి ఇక్కడే పోయాడట. ఇన్నాళ్ళూ రేపు రేపు అనుకుంటూ వెళ్ళలేదు, ఇవాళ వెళ్ళాలనిపించింది అన్నాడు. ఒక్కణ్ణే పంపబుద్ధి కాలేదు. పాపని ఆంటీ దగ్గర ఉంచి మేమిద్దరం కూడా వెళ్ళాం. గడ్డి నున్నగా కత్తిరించి, తెల్లటి రాళ్ళు వరసల్లో ఉన్నాయి. ఆ రాళ్ళలో స్కాట్లాండ్‌వాళ్ళు, ఇంగ్లండ్‌వాళ్ళు పక్కపక్కనే ఉన్నారు. పైన గోడల మీద మన దేశపు సిపాయిల పేర్లు, వేలమందివి. కుర్రాడికి తను వెతుకుతున్న రాయి దొరికింది. దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. మేం అక్కడ ఉంటే బాగుండదని రోడ్డు మీదకొచ్చి బస్సు స్టాపులో కూర్చున్నాం. అటు బస్సులు తక్కువ, మనుషులు ఇంకా తక్కువ.

ఇద్దరమే అయ్యేసరికి నాకు మళ్ళీ అదే మాట నాలుక మీదకొచ్చింది. "ఎంతైనా వాళ్ళ పద్ధతే పద్ధతి. అడిగారు" అన్నాను.

మా ఆయన బూటు కొనతో నేల మీద రాయిని కదుపుతున్నాడు. "ఒకటి చెప్త. కోపానికి రాకు" అన్నాడు.

"చెప్పు."

"స్కాట్లాండ్‌వాళ్ళను అడిగిండ్రు. నిజమే. ఇంగ్లండ్‌వాళ్ళను అడిగిండ్రా?"

"వాళ్ళనెందుకు అడుగుతారు?"

"ఎందుకడుగరు? రెండు ముక్కలయ్యేది వాళ్ళ దేశం గూడ గదా."

"వాళ్ళని కూడా అడిగితే ఇంకేముంది? వాళ్ళే ఎక్కువమంది. వీళ్ళు ఎన్నిసార్లు అడిగినా గెలవనే గెలవ..."

అక్కడ ఆగిపోయాను. ఆయన నన్ను తొందరపెట్టలేదు. గెలిచినవాడి మొహం కూడా పెట్టలేదు. నెలల నుంచీ ఈ మాట ఆయన దగ్గర ఉందని, నన్ను ఓడించటం ఇష్టంలేక నోట్లోనే పెట్టుకు తిరిగాడని అప్పుడు అర్థమైంది.

"గీళ్ళ లెక్క అడిగితే మమ్మల్నే అడుగుతుండిరి" అన్నాడు మెల్లగా. "నిన్ను అప్పుడు గూడ అడుగకపోతుండిరి."

ఇన్ని నెలలూ నేను స్కాట్లాండ్ కథ వింటూ నన్ను నేను స్కాట్లాండ్‌లోనే కూర్చోబెట్టుకున్నాను. వాళ్ళూ చిన్నవాళ్ళు, నేనూ చిన్నదాన్ని. వాళ్ళనడిగారు, నన్నడగలేదు. కానీ ఆ లెక్కన నేను ఇంగ్లండ్‌ని. ఆ మాట నా గురించి నేను కలలో కూడా అనుకోలేదు. ఎక్కువమంది ఉన్న వైపు పుట్టినవాళ్ళకి తాము ఎక్కువమంది అన్న సంగతి ఎవరైనా చెబితే తప్ప తెలియదు. మా ఊళ్ళో మాకు మేం మామూలు మనుషులమే. మా మాట మామూలు మాటే. యాస ఉన్నది ఎప్పుడూ అవతలివాళ్ళకే.

వాదనలో ఓడిపోయాను. బ్యాంకులో పని చేసేదాన్ని, లెక్క తప్పితే తెలుస్తుంది. కానీ బాధ పోలేదు. అది లెక్క మీద వచ్చింది కాదు మరి, లెక్క తేలితే పోవటానికి. ఏడుపొచ్చింది. ఎండ, ఖాళీ రోడ్డు, పక్కన మొగుడు, ఏడ్చాను.

"సరే, నాకు ఓటు రాదు. ఒప్పుకున్నా" అన్నాను. "ఓటు ఎవడిక్కావాలి? నువ్వు అడగొచ్చుగా. రంగు పూసుకుని ఇంటికొచ్చిన రోజు, నీకెట్లా ఉందే అని ఒక్క మాట."

"ఏమంటుంటివి అడిగితే?"

"హైదరాబాద్ అనేదాన్ని. నీ రాష్ట్రం నీకొచ్చింది. సంతోషం. మీవాళ్ళు పడ్డ అవమానాలు తక్కువవి కావు, అది కూడా నాకిప్పుడు తెలుసు. కానీ నా మొదటి జీతం అక్కడే. ఒంటరిగా రోడ్డు దాటటం నేర్చుకున్నది అక్కడే. నిన్ను చూసింది అక్కడే, మావాళ్ళు వద్దంటే నీతో వచ్చేసింది అక్కడే. గుంటూరు మా నాన్నది. హైదరాబాద్ ఒక్కటే నేను సొంతంగా సంపాదించుకున్న ఊరు. పొద్దున లేచేసరికి అక్కడ నేను బయటిదాన్నైపోయాను. నువ్వు డాన్సు చేశావు."

ఆయన రాయిని కదపటం ఆపాడు.

"హైదరాబాద్ నీది కాదని నేను ఎన్నడన్న అన్ననా?"

"నాదని కూడా ఎన్నడూ అనలేదుగా."

మా ఆయన దగ్గర దేనికైనా జవాబు ఉంటుంది. నీళ్ళకి, కొలువులకి, బ్యాంకులకి, లండన్‌కి. పన్నెండేళ్ళ కాపురంలో ఆయన మాట తడుముకోవటం నేను చూడలేదు. నా మొహంలోకి చూశాడు, రోడ్డు వైపు చూశాడు, మళ్ళీ నా వైపు చూశాడు.

"అనాల్సి ఉండె" అన్నాడు.